నమిలిన వక్కాకు

"పళ్లెం ముందుకొస్తే నీ చెయ్యి ముందుకు పోవాల్నా? నెత్తి గోక్కోనీకి పనికిరాలేదా ఆ చెయ్యి?"

జొహరాబీ పొద్దున్నుంచి ఇదే మాటను తిప్పి తిప్పి అడుగుతోంది. హుసేనప్ప కూడా పొద్దున్నుంచి ఒకే జవాబు చెబుతున్నాడు, అంటే ఏమీ చెప్పడం లేదు. వసారాలో నులక మంచం మీద కూర్చుని, నెత్తి రుమాలు విప్పి తొడ మీద పెట్టుకుని, దాన్ని మడత పెట్టడం, విప్పడం, మళ్లీ మడత పెట్టడం. అంతే పని. పొయ్యి వెలగలేదు. నిన్నటి జొన్నరొట్టెలు గంపలో గట్టిపడి ఉన్నాయి. వాటి జోలికి ఎవరూ పోలేదు.

"మాట్లాడు మరి. ఊరందరికీ న్యాయం సెప్పే నోరు కదా!"

"ఏం మాట్లాడాల?"

"ఎందుకు తీసుకున్న్యావో సెప్పు."

"తీసుకున్న్యాను. అంతే."

నిన్న ఆదోని క్లబ్బులో జరిగిన మీటింగు సంగతి తెల్లవారేసరికి బండకొట్టాల ఊరంతా పాకిపోయింది. ఊరి పడమటి చేలను మున్సిపాలిటీలో కలుపుకుని అక్కడ గోల్ఫ్ మైదానం వేస్తారట. క్లబ్బు దొరలకు మాత్రమే కాదు, అందరికీనట. టిక్కెట్టు కొన్నవాడు ఎవడైనా పొడుగు కట్టె పట్టుకుని చిన్న చెండును దూరాన ఉన్న గుంతలోకి కొట్టుకోవచ్చునట. రైతులు సరే అంటేనే కలుపుతామని ఛైర్మన్ మరీ మరీ చెప్పాడు. మీటింగు చివర తాంబూలం పంచినట్టు వక్కాకు పళ్లెం తిరిగింది. బండకొట్టాల రైతులు చేతులు వెనక్కి కట్టుకున్నారు. హుసేనప్ప ఒక్కడే తీసుకున్నాడు.

పదిమందిలో వక్కాకు తీసుకున్నాడంటే ఇక్కడ మాట ఇచ్చినట్టే. ఎద్దుల బేరం కానీ, పిల్ల సంబంధం కానీ, అన్నదమ్ముల భాగాలు కానీ, ఎంత అరిచి గీపెట్టినా చివరకు పళ్లెం దగ్గరే తేలాలి. ఆ పళ్లెం పట్టుకుని నడిమధ్యన నిలబడే మనిషి చుట్టుపక్కల నాలుగూళ్లకూ హుసేనప్పే. తాత తండ్రులు దూది ఏకి బతికారు, ఈయన మాటలు ఏకి బతుకుతున్నాడని జొహరాబీయే నవ్వేది. అట్లాంటి మనిషి, తెలిసి తెలిసి, పళ్లెంలో చెయ్యి పెట్టాడు. ఈత నేర్చినోడే బాయిలో పడినాడని ఊరు నవ్వుతోంది. నవ్వని వాళ్లు భయపడుతున్నారు.

భయం ఎందుకంటే, హుసేనప్ప దేనికి సరే అంటే దానికి సరే అనడం ఆ ఊరికి అలవాటు. పైగా ఆయన ఇంటి చేను పడమటి చేలకు నడిబొడ్డు. మంచినీళ్ల బాయి కూడా అందులోనే ఉంది.

ఇంకో సంగతి ఉంది. ఆ చేను హుసేనప్పది కాదు. జొహరాబీది. ఆమె తల్లి వాటా కింద ఆమెకు వచ్చింది.

"నా చేను. మా అమ్మ నాకిచ్చిన చేను. నువ్వెవరు వక్కాకు తీసుకోనీకి?"

ఆ మాటకు హుసేనప్ప తలెత్తాడు.

"పళ్లెం పట్టుకోని వచ్చినోడు మీ అన్న. బావ చేతిలో పళ్లెం కాదనేదెట్ల? చెయ్యి దానంతటదే పోయింది జొహరా. ఇన్నేండ్లు అదే పని చేసిన చెయ్యి కదా."

అన్న ఆ మీటింగుకు పోయిన సంగతి ఆమెకు తెలుసు. పళ్లెం తిప్పింది అన్నే అన్న సంగతి తెలియదు. లోపలికి పోయి, చల్లటి పొయ్యి ముందు కాసేపు కూర్చుంది. కోపం మొగుని మీద కొంత, అన్న మీద కొంత పంచుకునేసరికి దేనికీ చాలకుండా పోయింది. మళ్లీ బయటికి వచ్చింది.

వాకిట్లో మనుషులు నిలబడి ఉన్నారు.

ముందు బజారి, ఊరికి పెద్ద. వెనక ఎల్లప్ప, బాయి చేను పక్కన రెండెకరాల ఎర్రబంద నేల అతనిది. చేలోనుంచి నేరుగా వచ్చినట్టుంది మేరి, చేతిలో కొడవలి అట్లాగే ఉంది. బాయి చేనును కోరుకు చేసేది మేరి, ఆమె మొగుడు యేసేపు. పండినదాంట్లో వాళ్లకొక పాలు.

"లోపలికి రాండప్పా," అన్నాడు హుసేనప్ప.

"ఈడనే బాగుండాది," అని బజారి అరుగు మీద కూర్చున్నాడు. "సాయంత్రం క్లబ్బులో ఇంకో మీటింగంట. కర్నూలు నుంచి ఆఫీసరు వస్తాడు. మన మాట రాసుకోని పోతాడంట. పోకముందు మన మాట ఏందో మనకు తెలియాల కదా."

"తెలిసే ఉండాది," అన్నాడు ఎల్లప్ప. "అన్న వక్కాకు తీసుకున్న్యాడు. ఇంక మాటేముండాది?"

"నీకు సంతోషంగా ఉన్నట్లుంది ఎల్లప్పా," అంది జొహరాబీ.

"ఉండాది వదినా. దాచిపెట్టేదేముంది? మున్సిపాలిటీలో కలిస్తే కొళాయి వస్తాది. కరెంటు దీపాలు వస్తాయి. మా ఆడది పెండ్లయినప్పటి నుంచి నీ బాయికాడికి కడవ మోస్తాంది. నువ్వు ఏ పొద్దూ వద్దనలేదు, నేను కాదనను. కానీ మోసేది నువ్వు కాదు కదా."

జొహరాబీకి ఆ మాట తగిలింది. తగలాల్సిన మాటే.

మేరి కొడవలి కింద పెట్టింది.

"మా చెల్లెలు ఆదోనిలోనే ఉండాది ఎల్లప్పన్నా. కొళాయి ఉండాది, నీళ్లు లేవు. కడవలు వరసలో పెట్టి వాటికి కావిలి కాసేదే వాళ్లకి పని."

"పెద్దోళ్లు పెద్ద ఆట ఆడనీకి వస్తే నీళ్లూ వాళ్లే తెప్పిస్తార్లే."

"యాడనుంచి తెప్పిస్తారు? నేనదే అడుగుతాండా. ఆ ఆటకి నేలంతా పచ్చగడ్డి పరవాలంట. మన బర్రె మూతికి ఆనేంత గడ్డి ల్యాకపాయె ఈ సీమలో. పరిసిన గడ్డికి రోజూ నీళ్లు పట్టాల. తుంగభద్ర కాలవ మన దిక్కుకు రాదు. వాన సంగతి నీకు తెలుసు, నాకు తెలుసు. మరి యాడనుంచి?"

అందరి కళ్లూ పడమటి వైపు పోయాయి. మొన్నటి వానకు సెనక్కాయ చేను పచ్చగా ఉంది, ఊడలు దిగుతున్న అదును. దాని నడుమ బాయి గిలక కనబడుతోంది.

"నా బాయిలో నుంచి," అంది జొహరాబీ.

ఇన్ని చేలుండగా క్లబ్బు వాళ్లకు ఇదే చేను ఎందుకు నచ్చిందో అప్పుడు ఎల్లప్పకు కూడా అర్థమైంది. అర్థమైనా ఒప్పుకునే రకం కాదు.

"అందరూ ఆడుకోవచ్చంట కదా," అన్నాడు తగ్గిన గొంతుతో.

"నాకు కట్టె ఇస్తారా?" అంది మేరి. "ఇయ్యరు. గడ్డి కోసే పని ఇస్తారంట, యేసేపుతో ఎవరో సెప్పినారు. ఇప్పుడు పండిస్తే పాలు వస్తాది. అప్పుడు కోస్తే కూలి వస్తాది. అదీ వాళ్లు పిలిచిన పొద్దు."

బజారి దగ్గి గొంతు సవరించుకున్నాడు. ఆయన దగ్గితే ఇంక మాట అసలు సంగతికి వచ్చినట్టు.

"ఎవరికి ఏమి కావాలనేది పక్కన పెట్టండి. ముందు వక్కాకు సంగతి తేలాల. హుసేనప్పా, నీకు నేను సెప్పేదేముంది, నలుగురికి సెప్పినోనివి నువ్వు. తీసుకున్న వక్కాకు నమలకుంటే, తిరిగి ఇచ్చేయొచ్చు. తప్పు ల్యాదు. అవునా?"

"అవును."

"మంచిది. యాడుంది? తే. సాయంత్రం పళ్లెంలో పెట్టి ఇచ్చేద్దాం. పీడ పోతాది."

హుసేనప్ప మళ్లీ రుమాలు విప్పాడు. దాని కొస ముడి వదులై ఉంది. లోపల ఏమీ లేదు. ఆయన తల ఎత్తలేదు. ఎత్తకుండానే కళ్లు మాత్రం పక్కకు తిరిగాయి, జొహరాబీ వైపు.

పొద్దున్నుంచి కోపంలో తట్టని సంగతి ఆమెకు అప్పుడు తట్టింది.

హుసేనప్పకు వక్కాకు పడదు. నమిలితే నోరు పూస్తుంది. ఏ పంచాయితీలో తీసుకున్నా రుమాలు కొసన ముడి వేసుకుని ఇంటికి తెచ్చి పెళ్లాం చేతిలో పెడతాడు. పెళ్లయిన నాటి నుంచి అంతే. సంపాదించేది నువ్వు, నోరు పండేది నాదని ఆమె మురిసిపోయేది. నిన్న సాయంత్రం కూడా తెచ్చాడు. లేత ఆకు, వాసన సున్నం, లవంగం. ఈపొద్దు ఎవరిదో పెద్దింటి పంచాయితీ ఉన్నట్టుందే అని నవ్వి, బుగ్గన పెట్టుకుని, గడప మీద కూర్చుని తీరిగ్గా నమిలింది. బాగుంది కూడా. మీటింగు సంగతి అడిగితే, రేపు మాట్లాడుకుందాములే అన్నాడు. ఆమె ఇంకేమీ అడగలేదు.

మేరి చూసింది. అక్క పెదవుల మీద నిన్నటి ఎరుపు ఇంకా పోలేదు.

"అక్కా..."

జొహరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పొద్దున్నుంచి మొగుణ్ణి తిట్టిన ప్రతి మాటా ఆ ఎర్రటి నోటితోనే తిట్టింది. ఆయన అంతసేపూ చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. నువ్వే నమిలినావు కదే అని ఒక్కసారి అని ఉంటే ఆమె నోరు మూతపడేది. అనలేదు. సిగ్గుతో ఆమెకు ఏడుపు వచ్చింది.

"పొద్దున్నే ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే ఏమయితాది? నమిలింది కక్కుతావా?"

బజారి తల పట్టుకున్నాడు. ఎవరి చేను? జొహరాబీది. ఎవరి నోరు ఎర్రబడింది? జొహరాబీదే. మొగుడు తీసుకోవడం ఒక ముడి, చేను గల మనిషి నమలడం ఇంకో ముడి.

"ఇంక మిగిలింది ఒకటే దారి," అన్నాడు. "నమిలినంక తిరిగియ్యాలంటే, మొగుడు పెండ్లాం ఇద్దరూ పళ్లెం పట్టుకోని ఇచ్చినోని చేతికే ఇయ్యాల. మాట తప్పినామని పదిమందిలో ఒప్పుకోవాల. ఆ పైన..."

"ఆ పైన ఆ ఇంటోనికి ఎవరూ వక్కాకు పెట్టరు," అన్నాడు హుసేనప్ప. "యా బేరానికీ పిలవరు. పళ్లెం పట్టుకోనియ్యరు. తెలుసు నాకు."

"పట్టుకోకుంటే పాయె. చేను ఉంటాది," అంది జొహరాబీ.

"నేనియ్యను."

ఇప్పటిదాకా ఆయన గొంతు ఇంత గట్టిగా పలకలేదు.

"మోసపోయి తీసుకున్న్యావు. మోసపోయింది తిరిగిస్తే తప్పేముంది?"

హుసేనప్ప ఎల్లప్ప వైపు చెయ్యి చూపించాడు. "వాన్ని అడుగు."

ఎల్లప్ప వెంటనే అందుకున్నాడు. చాలాకాలంగా దాచుకున్న మాట.

"నిరుడు నా ఎద్దుల జత గోనెగండ్ల రైతుకు బేరం పెట్టినాను. వక్కాకు నమిలినా. రెండోనాడు తుగ్గలి నుంచి ఇంకొకడు వచ్చినాడు, ఎక్కువ ఇస్తానన్న్యాడు. నా పిల్లకు జబ్బు చేసి ఉండె అప్పుడు. అన్న కాళ్లు పట్టుకున్న్యా, తిరిగిచ్చేస్తానని. నోరు ఎర్రబడినంక మాట తిరగదన్న్యాడు. ఎద్దుల్ని తనే తోలుకోని పోయి వానికి ఒప్పజెప్పినాడు. నాకొక న్యాయం, మీ బాయికొక న్యాయమా వదినా?"

జొహరాబీ మొగుని వైపు చూసింది. ఎల్లప్ప కాళ్లు పట్టుకున్న సంగతి ఆయన ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

"నిజమేనా?"

"నిజమే."

ఎల్లప్ప, దాచుకున్న మాట అనేశాక, ఏమి చేయాలో తోచక చెప్పు కొసతో నేల గీకుతూ నిలబడ్డాడు. గెలిచినవాడి ముఖంలాగా లేదు అతని ముఖం.

అప్పుడు వినిపించింది కారు హారను.

ఆదోని నుంచి వచ్చే మట్టిదారిలో తెల్ల అంబాసిడర్ దుమ్ము లేపుకుంటూ వచ్చి వాకిలి ముందు ఆగింది. కరీం సాబ్ దిగాడు. జొహరాబీకి తోడబుట్టిన అన్న. ఈ ఊళ్లోనే పుట్టి, ఈ దుమ్ములోనే ఆడి, ఇప్పుడు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు నడుపుతున్నాడు. క్లబ్బులో ఆఫీసర్ల పక్కన ఆయనకొక కుర్చీ ఉంది. ఆ కుర్చీ అంటే ఆయనకు మిల్లు కన్నా ఎక్కువ.

"అందరూ ఈడనే ఉన్న్యారే, మంచిదాయె," అని కారు తాళం జేబులో వేసుకున్నాడు. "హుసేనప్పా, బయలుదేరు. నా కార్లోనే పోదాం. ఆఫీసరు ముందర నువ్వొక మాట సెప్తే బస్, అయిపాయె."

"పళ్లెం నువ్వే తిప్పినావంట," అంది జొహరాబీ.

"తిప్పినాను. మర్యాద కదా."

"మర్యాదా? ఈ ఊళ్లో పుట్టినోనివి నువ్వు. వక్కాకు అంటే ఏందో నీకు తెల్దా?"

కరీం సాబ్ కళ్లద్దాలు తీసి జేబురుమాలుతో తుడుచుకున్నాడు.

"కానూనులో వక్కాకు అనేది ల్యాదు జొహరా. వద్దనుకుంటే ఆఫీసరు కాడ వద్దని సెప్పుకోవచ్చు మీరు."

"కానూనులో లేకుంటే ఎందుకు మోసినావు ఆ పళ్లెం?"

ఆయన దగ్గరున్న జవాబు చెల్లెలి ముందు చెప్పేది కాదు.

"చూడు," అన్నాడు గొంతు తగ్గించి. "ఆ చేను మూడేండ్లకొకసారి పండుతాది. మిగతా రెండేండ్లు అప్పు పండుతాది. ఎన్నాళ్లు పట్టుకోని వేలాడతావు? మైదానం వస్తే బొంబాయి మిల్లులోళ్లు ఆదోనికి వస్తారు. ఊరికి పేరు. నీకు మంచి పరిహారం ఇప్పిస్తా, అది నా పూచీ. నేను నీ చెడుపు కోరుతానా?"

"అమ్మ ఆ బాయి తవ్విచ్చినప్పుడు నువ్వు తట్ట మోసినావు అన్నా. నీళ్లు పడిన పొద్దు నన్ను భుజం మీద ఎక్కించుకోని దిగినావు బాయిలోకి. మొదటి దోసిలి నాకే తాపినావు."

కరీం సాబ్ చెయ్యి తన భుజం మీదికి పోయింది.

"మోసినాను," అన్నాడు. "భుజం పుండయ్యింది. అందుకే సెప్తాండా. ఆ బాధ ఇంక ఈ ఇంట్లో ఎవరూ పడగూడదని." చెల్లెలి ముఖం చూస్తూ అంటున్నవాడు సగంలో ఆగాడు. "నోరు ఎర్రగా ఉండాదే. నమిలింది నువ్వా?"

జొహరాబీ కొంగు తీసేసింది. దాచుకునేదేముంది ఇక!

"నేనే."

లోపలికి పోయింది. గూట్లో బోర్లించిన ఇత్తడి పళ్లెం తీసి చింతపండుతో తోమి, కడిగి, తుడిచింది. తన వక్కాకు సంచిలోని ఆకులు ఏరి, మంచివి చూసి పేర్చింది. వక్కలు పెట్టింది. తీసుకుని బయటికి వచ్చి, అన్న ముందు నిలబడి, రెండు చేతులా పళ్లెం చాచింది.

"మాట తప్పినాం. తీసుకో."

కరీం సాబ్ చేతులు కదల్లేదు. కదలాల్సిన పని కూడా లేదు. ఒక్కతే ఇస్తే అది తిరిగిచ్చినట్టు కాదని వాకిట్లో ఉన్న అందరికీ తెలుసు. పళ్లెం కింద ఇంకో రెండు చేతులు ఉండాలి. అందరూ మంచం వైపు చూశారు.

హుసేనప్ప లేచాడు. రుమాలు దులిపి నెత్తికి చుట్టుకున్నాడు. మెల్లగా, ఏ పెద్ద పంచాయితీకో పోతున్నట్టు, ఒక్కొక్క చుట్టూ సరిచూసుకుంటూ చుట్టుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు. జొహరాబీ పక్కనుంచే నడిచాడు, పళ్లెం వైపు చూడలేదు. ఎల్లప్ప ముందు ఒక్క క్షణం ఆగాడు.

"నీ ఎద్దుల కాడ నేను తప్పు చేసినా ఎల్లప్పా. మాట పట్టుకున్న్యా, మనిషిని సూడలేదు."



హుసేనప్ప పోయి కారు వెనక తలుపు తీసుకుని లోపల కూర్చున్నాడు.

కరీం సాబ్ ముఖం విప్పారింది. "అదీ మాటంటే! చూసినావా జొహరా, మొగోడు మాట తప్పడు."

పాతికేళ్ల కాపురంలో ఆ మనిషి మీద జొహరాబీకి ఇంత అసహ్యం ఏనాడూ కలగలేదు.

అప్పుడు కారు కిటికీలోంచి హుసేనప్ప చెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి పైకి.

"ఆ పళ్లెం ఇట్ల తే. నువ్వూ రా, కూసో."

"యాడికి?"

"యాడ తీసుకున్న్యానో ఆడికి. పదిమందిలో తీసుకున్న్యా. ఈ వాకిట్లో ఇస్తే ఎవరికి తెలుస్తాది? ఛైర్మనూ ఉంటాడు, ఆఫీసరూ ఉంటాడు. అందరి ముందర, మీ అన్న చేతికే ఇద్దాం."

కరీం సాబ్ ముఖంలో నవ్వు అట్లాగే ఉండి, దానికి ఏమి చేయాలో తెలియక, కొంచెం కొంచెంగా చెదిరిపోయింది. తన కుర్చీ ఉన్న క్లబ్బులో, ఆఫీసర్ల ముందు, సొంత చెల్లెలు పళ్లెం పట్టుకుని నిలబడడం ఆయన కళ్లకు కనబడుతున్నట్టుంది.

"అంత దూరం ఎందుకప్పా," అని రెండు చేతులూ ముందుకు చాచాడు. ఇంతసేపూ కదలని చేతులు. "ఇచ్చింది నేనే కదా. ఈడనే తీసుకుంటా. ఇటివ్వమ్మా జొహరా, మన ఇంట్లో మాట మన ఇంట్లోనే ఉంటాది. క్లబ్బుకు నేను సర్ది సెప్పుకుంటా."

"ఏమని సెప్తావు అన్నా?"



ఇటు అన్న చేతులు. అటు కిటికీలో మొగుని చెయ్యి. అన్నకు ఇస్తే మొగుని పేరు నిలుస్తుంది, కానీ సాయంత్రం అన్న క్లబ్బులో ఏమి చెబుతాడో ఎవరికీ తెలియదు. మొగునికిస్తే రేపటి నుంచి నాలుగూళ్లలో ఆయనను పిలిచేవాళ్లు ఉండరు.

జొహరాబీ పళ్లెం మీద కొంగు కప్పి, గడప దగ్గరి చెప్పులు తొడుక్కుని, పోయి మొగుని పక్కన కూర్చుంది. హుసేనప్ప జరిగి చోటిచ్చాడు. పళ్లెం ఇద్దరి ఒళ్లోనూ సగం సగం ఉంది.

"పోదాం పా బావా," అన్నాడు హుసేనప్ప. "పొద్దు పోతాంది."

బజారి అరుగు దిగాడు. మేరి కొడవలి తీసుకుంది. ఎల్లప్ప, ఎవరూ పిలవకుండానే, నడిచి పోయి కారు ముందు తలుపు తీసి లోపల కూర్చున్నాడు. ఎవరి పక్షాన మాట్లాడడానికో అతను చెప్పలేదు.

కరీం సాబ్ మాత్రం వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. కారు తాళం ఆయన జేబులో ఉంది.